మంచి రోజు దాకా ఆగిన స్క్రూ

ఆడగుర్రం హమనాసు పిల్ల ఎడమ ముందుకాలు ఆ బుధవారం పొద్దున తిన్నగా కనిపించింది.

ఇకుయో వెంటనే నమ్మలేదు. తల్లి పగ్గాన్ని గోడకున్న ఇనుపరింగుకు తగిలించి, పిల్లను కాంక్రీటు నేల మీద సుద్దతో గీసిన గీత దగ్గర నిలబెట్టింది. పిల్ల తల్లి పొదుగు వైపు రెండుసార్లు మెడ సాచి, అందక, విసుగ్గా ముక్కు చీదింది. ఇకుయో దాని ఎదురుగా గొంతుక్కూర్చుని, ఏప్రన్ జేబులోంచి నట్టు కట్టిన దారం తీసింది. మోకాలి నడిమికి దారం కొస ఆనించి వదిలింది. నట్టు ఊగి ఊగి నిదానించింది. సరిగ్గా గిట్ట నడిమధ్యన ఆగింది.

పదిహేడు రోజుల కిందట ఇదే చోట వదిలితే నట్టు గిట్ట బయటి అంచున పడేది. గిట్ట పైనున్న కీలు దగ్గర ఎముక బయటి వైపు ఎక్కువగా, లోపలి వైపు తక్కువగా పెరుగుతూ, కాలు లోపలికి తిరిగిపోతూ ఉండేది. పశువుల డాక్టరు మినెగిషి సెన్సే వచ్చి, పిల్లను మత్తులో పడుకోబెట్టి, బయటి వైపున చర్మం కింద ఒక స్క్రూ దింపి వెళ్లింది. ఆ వైపు పెరుగుదల ఆగితే లోపలి వైపు పెరిగి దాన్ని అందుకుంటుంది. అంతవరకే దాని పని.

"తిన్నగా కనబడిన రోజే ఫోన్ చెయ్యండి ఇకుయోసాన్," అని ఆ రోజు చేతులు కడుక్కుంటూ చెప్పింది డాక్టరు. "కాలు బాగుపడిందని స్క్రూకి తెలీదు కదా. అది పట్టుకునే ఉంటుంది. మనమే తీసెయ్యాలి. ఈ కీలు దగ్గర పెరిగేదంతా పుట్టిన మూడు నెలల లోపే, దీనికి అప్పుడే రెండు దాటాయి. ఆ తర్వాత ఏం చేసినా వినదు."

ఇకుయో ఫోనుతో కాలిని ఫొటో తీసింది. పదిహేడు రోజులుగా రోజుకొకటి తీస్తూనే ఉంది. గీత అదే, నిలబెట్టే చోటు అదే. తర్వాత పిల్ల కాలి మీద చెయ్యి వేసి కిందికి నిమిరింది. స్క్రూ తల బఠాణీ గింజలా వేలికి తగిలింది.

వంటింట్లోకి వచ్చి డాక్టరుకు ఫోన్ చేసింది.

"సెన్సే, తిన్నగా అయింది."

"అప్పుడేనా! దారం వదిలి చూశారా?"

"చూశాను. నడిమధ్యనే ఆగింది."

"భలే! రేపు పదింటికల్లా వచ్చేస్తాను. ఎలాగూ మీ పక్క లోయలోనే ఉంటాను."

ఫోన్ స్టూలుకు ఎదురుగా దాణా కంపెనీవాళ్లిచ్చిన క్యాలెండర్ వేలాడుతోంది. ప్రతి తేదీ కింద సన్నటి అక్షరాలతో ఆ రోజు ఎలాంటిదో రాసి ఉంటుంది. క్యాలెండర్ మేకుకే ఒక ఎర్ర పెన్ను దారంతో కట్టి ఉంది. అది అత్తగారు కట్టింది. కిందటి చలికాలం ఆమె పోయినా పెన్ను పోలేదు. రేపటి తేదీ కింద 'బుత్సుమెత్సు' అని ఉంది. బుద్ధుడు లేని రోజు, ఏ పనికీ మంచిది కాదు. దాని పక్కనే ఎల్లుండి 'తైఆన్', ఏ పనికైనా మేలైన రోజు.

"ఎల్లుండి వీలవుతుందా సెన్సే?" అంది ఇకుయో.

అటువైపు కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "ఎల్లుండా... రేపు పనేమన్నా ఉందా మీకు?"

"ఊఁ. కొంచెం."

"ఒక్క రోజుకేం కాదులెండి. శుక్రవారం పొద్దున్నే వస్తాను."

భర్త యోషిహారు మొహం కడుక్కుని వచ్చి మిసో చారు గిన్నె ముందు కూర్చున్నాడు. "ఎప్పుడొస్తానంది?" అన్నాడు.

"శుక్రవారమట."

అతను చారు గిన్నె ఎత్తాడు. గిన్నె అంచు మీదుగా అతని కళ్లు ఒకసారి గోడ వైపు వెళ్లి వచ్చాయి. ముల్లంగి ముక్క కొరుకుతూ, "ఎండ నిలబడితే శనివారం గడ్డి కోసేద్దాం," అన్నాడు.

ఇకుయో పూజ అల్మారా ముందు అన్నం, నీళ్లు పెట్టి, అత్తగారి ఫొటోకు నమస్కారం చేసింది. పిల్ల కాలు బాగుపడిందని చెప్పింది. మంచి రోజు చూసే తీయిస్తున్నానని కూడా చెప్పింది.

గురువారం ఎండ బాగా కాసింది. సముద్రం ఒడ్డున గులకరాళ్ల మీద ఎండబెట్టిన కొంబు నాచు వాసన లోయ పైదాకా వచ్చింది. ఇకుయో పాకలో తడిసిన గడ్డి ఎత్తిపోస్తూ ఉండగా డాక్టరు తెల్ల వ్యాను కింది రోడ్డు మీద వెళ్లడం కనిపించింది. పదకొండింటికి అదే వ్యాను తిరిగి వచ్చింది. వాళ్ల గేటు దగ్గర కొంచెం నెమ్మదించినట్టు అనిపించింది. ఇకుయో పార పట్టుకుని గుమ్మం నీడలోకి జరిగి నిలబడింది. ఎందుకు జరిగిందో ఆమెకే తెలియదు. వ్యాను వెళ్లిపోయింది. పచ్చికలో హమనాసు పిల్ల తల్లి చుట్టూ పరుగులు తీస్తోంది, నాలుగు కాళ్లూ ఒక్కలాగే పడుతున్నాయి.

శుక్రవారం పొద్దున వాన. ఆరున్నరకు ఫోన్ మోగింది.

"ఇకుయోసాన్, నేను మినెగిషిని. క్షమించాలి, ఇవాళ రాలేను. పై ఊళ్లో ఒక ఆడగుర్రానికి పేగు మెలిపడింది. కడుపు కొయ్యాల్సిందే. ఎప్పటికవుతుందో తెలీదు."

"అయ్యో, మీరు చూసుకోండి సెన్సే. పాపం ఆ గుర్రం..."

"రేపు ఎలాగైనా వీలు చేసుకుంటాను."

శనివారం ఆకాశం కడిగినట్టుంది. యోషిహారు తెల్లవారుతూనే మోవర్ ఎక్కి పై పొలం కోశాడు. ఇకుయో రెండో ట్రాక్టరుతో వెనకాలే గడ్డిని తిరగేస్తూ వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు దాటాక గట్టు మీద కూర్చుని ఉప్పు సాల్మన్ పెట్టిన అన్నం ముద్దలు తింటూ ఉండగా ఫోన్ మోగింది. యోషిహారు అప్పటికే తిని, పొలం అవతల మోవర్ బ్లేడుకు చుట్టుకున్న తీగ తీస్తున్నాడు.

"నాలుగింటికి వస్తాను," అంది డాక్టరు. గొంతు అలిసిపోయి ఉంది. "పావుగంట పని. మీరొక్కరు పిల్లని పట్టుకుంటే చాలు."

శనివారం షక్కో. ఎర్ర నోటి రోజని అత్తగారు అనేది. కత్తికీ నెత్తురుకూ పనికిరాని రోజు. పట్టపగలు పన్నెండు గంటల వేళ తప్ప ఆ రోజు ఆమె ముల్లంగి మీద కూడా కత్తి పెట్టేది కాదు. 'ముల్లంగికి నెత్తురెక్కడిది అత్తయ్యా' అని కొత్త కోడలిగా ఇకుయో నవ్వితే, 'వేలుకుంటుందిగా' అనేది ఆమె. నాలుగింటికి కాకుండా పన్నెండింటికైతే ఫర్వాలేదేమో. పన్నెండు దాటిపోయింది.

"గడ్డి కోసి పడేసి ఉంది సెన్సే," అంది ఇకుయో. "ఆయనా నేనూ ఇద్దరం పొలంలోనే ఉన్నాం. పిల్లని పట్టుకోడానికి మనిషి లేడు."

అది నిజమే. అయితే గట్టు మీంచి పాక దాకా నడిచి వెళ్లడానికి ఐదు నిమిషాలు చాలన్నదీ నిజమే.

"రేపట్నుంచి బుధవారం దాకా నాకు తూర్పు వైపు డ్యూటీ పడింది. వేరే డాక్టరుగారిని పంపించనా?"

"వేసింది మీరు కదా. మీరే తీస్తే బాగుంటుందేమో..."

అటువైపు వ్యాను ఇండికేటరు టిక్కుటిక్కుమంటూ వినిపించింది.

"సరే, గురువారం వస్తాను," అంది చివరికి. తర్వాత మెల్లగా, "గురువారం మీకు మంచి రోజే," అని పెట్టేసింది.

ఇకుయో చేతిలో సగం తిన్న అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది. దాని మీద చీమ ఒకటి ఎక్కింది. చీమను తీసేసి ముద్దను ఆకులో చుట్టి పక్కన పెట్టింది.

ఆదివారం నట్టు గిట్ట నడిమి నుంచి వడ్లగింజంత లోపలికి పడింది. గాలికి దారం ఊగుతోందనుకుంది. సోమవారం గాలి లేదు. నట్టు ఇంకొంచెం లోపలికే పడింది. ఈ సుద్దగీత దగ్గర నేల వాలుగా ఉందనుకుని, ఆమె రెండడుగుల అవతల ఇంకో గీత గీసి, పిల్లను అక్కడ నిలబెట్టింది. మంగళవారం ఆ గీత దగ్గర కూడా నట్టు చిటికెనవేలి గోరంత లోపలికి జరిగి ఆగింది, గిట్ట ఇప్పుడు బయటికి తిరుగుతోంది. ఆమె ఫొటోలు తీయడం మానలేదు. ఎందుకు తీస్తున్నానని ఒక్కసారి అనుకుంది, అయినా తీసింది.

అప్పుడైనా ఫోన్ చేసి వేరే డాక్టరునైనా పంపమని అడగవచ్చు. ఫోన్ దాకా రెండుసార్లు వెళ్లింది. మీరే తీయాలన్న మనిషి ఇప్పుడు ఎవరో ఒకరిని పంపమంటే, అటువైపు ఆమె ఏమనుకుంటుంది? గురువారం మీకు మంచి రోజే అన్న గొంతు చెవిలో ఉంది. క్యాలెండర్ వైపు చూడకుండా వెనక్కి వచ్చింది.

గురువారం తైఆన్. ఎండ, గాలి, అన్నీ అనుకూలంగా ఉన్నాయి. యోషిహారు పిల్ల మెడ చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాడు, ఇకుయో తోక ఎత్తి పట్టింది. మినెగిషి సెన్సే పిల్లకు మత్తు సూది వేసి, వంగి కాలి వైపు చూసింది. చూసి, మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. ఒక్క క్షణం ఆమె చెయ్యి కాలిని ముట్టుకోలేదు.

తర్వాత పని మొదలుపెట్టింది. బఠాణీ గింజ మీది చర్మాన్ని పొడుగాటి గోరంత కోసి, సన్న స్క్రూడ్రైవరు దించి, మణికట్టును నెమ్మదిగా తిప్పింది. ఎముకలో గీరుకున్న చప్పుడు వినిపించింది. స్క్రూ ఊడి వచ్చి స్టీలు పళ్లెంలో టింగుమని పడింది. రెండు కుట్లు వేసి కట్టు కట్టింది. వ్యానులోంచి ఎక్స్‌రే పెట్టె తెచ్చి కాలిని రెండు వైపుల నుంచి తీసింది.

తెర మీద ఎముకలు బూడిద రంగులో కనిపించాయి. స్క్రూ వేసిన రోజు తీసిన బొమ్మను కూడా ఆమె పక్కనే తెరిచింది. పాత బొమ్మలో కీలు పైన ఎముకకు అడ్డంగా నల్లటి గీత స్పష్టంగా ఉంది, పెన్సిలుతో గీసినట్టు. కొత్తదాంట్లో ఆ గీత అక్కడక్కడ దారప్పోగుల్లా మిగిలింది.

"ఇది పెరిగే చోటు," అంది డాక్టరు. "మూసుకుపోయింది."

"అవతలి వైపు ఇంకో స్క్రూ వేస్తే?" అన్నాడు యోషిహారు.

"వేసినా లాభం లేదండీ. ఇటు ఆపితే అటు పెరగాలి కదా. పెరగడానికింక ఏమీ మిగల్లేదు." ఆమె తెర మూసి లేచి నిలబడింది. చేతులు పక్కన ఆనించుకుని నడుము దాకా వంగింది. "నేను ఆలస్యం చేశాను. మన్నించాలి."

ఇక్కడ డాక్టర్లు అలాగే అంటారు. వానకు గడ్డి తడిసినా కౌలుదారు భూమి యజమానికి అలాగే వంగి చెబుతాడు. యోషిహారు ఆ వంగిన తలను చూసి, మొహం తిప్పుకుని పిల్లను విడిచిపెట్టాడు. ఇకుయో కూడా వంగింది. డాక్టరు లేచేదాకా ఆమె లేవలేదు. లేస్తే మొహం కనబడుతుంది.

ఆ తర్వాతి సోమవారం గుర్రాలకు లాడాలు కొట్టే తొబినాయి వచ్చాడు. డెబ్బయ్యేళ్ల వాడు, లోయలో ప్రతి గుర్రం కాలూ అతని ఒళ్లో పడుకున్నదే. పిల్ల గిట్టను తొడల మధ్య పెట్టుకుని రంపపుకోర ఆకురాయితో బయటి అంచు కొంచెం కొంచెం దించుతూ, "నేను గిట్టని సర్దగలను గానీ ఎముకని సర్దలేను కదరా," అన్నాడు.

"ఆ కుర్ర డాక్టరమ్మ స్క్రూ సంగతే మర్చిపోయింది," అన్నాడు యోషిహారు. "వస్తా వస్తా అని వారం తిప్పింది. పై ఊరివాళ్ల ఖరీదు గుర్రం కడుపు ముందు మన కాలెంత?"

ఇకుయో బక్కెట్టులో నీళ్లు పోస్తూ ఆగింది. తొబినాయి తలెత్తి ఆమె వైపు చూసి, మళ్లీ గిట్ట వైపు వంగాడు.

"ఇక్కడే కాదులే," అన్నాడు. "నిషిమురి ఇంట్లో కూడా అనుకుంటున్నారు. ఇద్దరు ముగ్గురు ఆమెని పిలవడమే మానేశారు. కన్నన్ రాయి పూజ రోజు డాక్టర్లని పంపే సంఘానికి కాగితం రాస్తారట. చెయ్యి తిరిగిన మగ డాక్టరుని పంపించండని."

"మగ చేతికైతే కాలు వంకర పోదా?" అంది ఇకుయో. నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో.

తొబినాయి పకపకా నవ్వాడు. "నా చేతికైతే నా మూడు వేళ్లు వంకర పోయాయి. చూడు." నవ్వింది అతనొక్కడే.

మధ్యాహ్నం హొరికోషి వచ్చాడు. ప్రతి ఏడూ ఈ పాకలోంచి ఒక పిల్లను కొనేవాడు, హమనాసు పిల్ల పుట్టినప్పుడే దాన్ని కొనే సంగతి చూస్తానని మాటిచ్చినవాడు. పిల్లను నడిపించమన్నాడు. యోషిహారు తల్లిని ముందుకు నడిపిస్తే పిల్ల వెనకాలే వచ్చింది. అది రావడం, పోవడం, మళ్లీ రావడం అతను చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. ఎడమ కాలు ప్రతి అడుగుకూ బయటికి విసిరినట్టు పడుతోంది. తర్వాత ఇంట్లో కూర్చుని బార్లీ టీ తాగాడు. సముద్రంలో ఈ ఏడు నాచు బాగుందా అని అడిగాడు. ఇకుయో చేసిన గుమ్మడికాయ కూర మెచ్చుకున్నాడు. లేచి బూట్లు తొడుక్కుంటూ, "ఈసారి ఎండలు ముందే వచ్చాయి," అన్నాడు. పిల్ల మాట ఎత్తనే లేదు. అతని కారు మలుపు తిరిగేదాకా ఇద్దరూ గేటు దగ్గర వంగి నిలబడ్డారు.

"సవారీ నేర్పే రెండు చోట్ల అడిగాను," అన్నాడు యోషిహారు నడుము ఎత్తుతూ. "కాళ్లు తిన్నగా ఉన్నవాటికే చోటు లేదట. తల్లి పాలు మాన్పించేదాకా ఉంచుదాం. ఆ తర్వాత దక్షిణాదికి..."

దక్షిణాదికి వెళ్లే లారీ ఎందుకు వెళుతుందో ఇద్దరికీ తెలుసు. అక్కడ మేపి, కోస్తారు.

పదిహేడో తేదీన పూజ. సముద్రానికి పైన, రోడ్డు పక్కన గట్టు మీద గుర్రాలను కాచే దేవత కన్నన్ రాయి ఉంది. నుదుటి మీద గుర్రం తలతో మలిచిన ఆ మొహం ఉప్పుగాలికి అరిగిపోయి, ముక్కూ నోరూ ఒకటైపోయాయి. పూజారి సూత్రాలు చదివాడు. అందరూ ఓట్లు, క్యారెట్లు పెట్టి, రాయి మీద సాకే సారా పోశారు. ఆ ఏడు పోయిన గుర్రాల పేర్లు చదువుతుంటే ఎవరి ఇంటి గుర్రం పేరు వస్తే వాళ్లు తల వంచారు. మినెగిషి సెన్సే కూడా పని బట్టలతోనే వచ్చింది. వరస చివర నిలబడి ఒక క్యారెట్టు పెట్టి, చేతులు జోడించింది. నీలం టార్పాలిను మీద కూర్చున్నవాళ్లలో ఎవరూ ఆమెకు చోటు ఇవ్వడానికి జరగలేదు. ఆమె కూడా కూర్చోవడానికి చూడలేదు. అందరికీ కలిపి ఒకసారి వంగి, వ్యాను ఎక్కి వెళ్లిపోయింది.

ఇకుయో పెద్ద కెటిలు పట్టుకుని టీ పోస్తూ తిరుగుతోంది. ఇందాక చేతులు జోడించినప్పుడు రాయి వైపు చూస్తూ ఆమె ఒకటే అడిగింది. నువ్వు క్యాలెండర్ చూస్తావా?

పూజారి వెళ్లాక నిషిమురి కాగితం తీశాడు. లోయలో అతని మాటకు బరువెక్కువ. "దూషణ ఏమీ రాయలేదు. మర్యాదగానే రాశాను," అన్నాడు. "అనుభవమున్న డాక్టరుని మార్చి పంపించండని. యోషిహారూ, నష్టపోయింది నువ్వు. నీ పేరు ముందు పెట్టు."

పెన్ను చేతులు మారి యోషిహారు దగ్గరికి వచ్చింది. అతను మూత తీశాడు.

"ఆ కాగితంలో నా పేరు రాయండి," అంది ఇకుయో.

"అబ్బో! ఇకుయోసాన్ కూడా సంతకం పెడతారట," అన్నాడెవరో. "ఆడవాళ్లకి వేరే కాగితం తేవాలయ్యా!" నలుగురూ నవ్వారు.

"సంతకం కాదు. స్క్రూని ఆపింది నేను."

కెటిలు కింద పెట్టి, ఏప్రన్‌కు చేతులు తుడుచుకుని, ఫోన్ తీసింది. నిషిమురి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని తెర చూపించింది.

"ఇది ఆ బుధవారం. తిన్నగా ఉంది చూడండి. ఆ పొద్దునే ఫోన్ చేశాను, మర్నాడు వస్తానన్నారు. బుత్సుమెత్సు అని నేనే వద్దన్నాను. అలా చెప్పలేదు, పనుందన్నాను. శుక్రవారం ఆమెకి ప్రాణం మీదికొచ్చిన గుర్రం ఉంది. శనివారం, ముందు రాత్రంతా నిద్రలేకుండా ఉండి కూడా వస్తానన్నారు. ఆ రోజు షక్కో. కత్తి పెట్టకూడదని గడ్డి సాకు చెప్పాను. వేరే డాక్టరుని పంపిస్తానంటే అదీ వద్దన్నాను. ఇది ఆదివారం. ఇది సోమవారం. ఇక్కడ గీత మార్చాను, నేల వాలుగా ఉందని నన్ను నేను నమ్మించుకోడానికి. ఇది గురువారం. తైఆన్."

ఎవరో దగ్గారు. కింద సముద్రం గులకరాళ్లను లాగుతున్న చప్పుడు వినిపించింది.

"అయితే బుత్సుమెత్సు నాడు కోయించమంటావా ఏంటి?" అన్నాడు ఒక ముసలాయన, నిజంగానే అర్థం కానట్టు.

"ఇంట్లో ఆడవాళ్లు ఇంతే," అన్నాడింకొకడు.

"ఆడవాళ్లేంట్రా," అన్నాడు తొబినాయి. "పోయినేడు నీ ఆడగుర్రాన్ని మగగుర్రంతో దాటించడానికి మంచి రోజని మూడు రోజులు ఆగలా? అది చల్లారిపోయి ఏడాది వట్టిపోలా? అప్పుడు నువ్వు ఆడదానివా?"

ఈసారి నవ్వు సగంలోనే ఆగిపోయింది. నిషిమురి ఫొటోలు ఒక్కొక్కటే వేలితో జరిపి చూశాడు. ఫోన్ ఇకుయోకు తిరిగిచ్చి, యోషిహారు చేతిలోంచి పెన్ను తీసుకుని మూత పెట్టాడు. కాగితం చింపలేదు. నాలుగు మడతలు వేసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "తర్వాత చూద్దాం," అన్నాడు. తర్వాత గడ్డి సంగతులు మొదలయ్యాయి. ఇకుయో కెటిలు ఎత్తుకుని వెళితే, ముగ్గురు తమ గ్లాసుల మీద అరచెయ్యి పెట్టి వద్దన్నారు.

ఇంటికి తిరిగి వచ్చి, యోషిహారు గేటు దగ్గర ట్రక్కు ఆపాడు గానీ దిగలేదు.

"నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు.

ఇకుయో అతని వైపు తిరిగింది.

"ఆ పొద్దున నువ్వు శుక్రవారమనగానే క్యాలెండర్ చూశాను. శనివారం గట్టు మీద నువ్వు ఫోన్ పెట్టేశాక అక్కడే కూర్చుండిపోవడం కూడా చూశాను."

"తెలిసీ ఆమెని అలా..."

"ఆమెకి ఇదొక్క ఊరే కాదు. ఇంకో చోటికి పోతుంది, పని దొరుకుతుంది. మనం ఎక్కడికి పోతాం? ఇకుయో వల్ల కాలు పోయిందని లోయంతా అనుకుంటుంటే, నువ్వు ఆ రోడ్డు మీద ఎలా నడుస్తావు?" అతను స్టీరింగు మీద బొటనవేలితో మట్టి గీకాడు. "అయినా నేనూ వద్దనలేదు కదా. నాకూ తైఆనే బాగుందనిపించింది."

పాకలోంచి హమనాసు వాళ్ల ట్రక్కు చప్పుడు గుర్తుపట్టి సకిలించింది. పాలు తాగుతున్న పిల్ల ఆ వైపు తిరగలేదు.

సెప్టెంబరు చివర లారీ మనిషి ఫోన్ చేశాడు. యోషిహారు ఫోన్ పట్టుకుని ఇకుయో వైపు చూశాడు. పాలు మాన్పించే రోజు, అమ్మే రోజు, దాటించే రోజు, ఆ ఇంట్లో ఏదైనా ఆమె క్యాలెండర్ చూసి చెప్పాలి. అంతకు ముందు అత్తగారు చెప్పేది.

ఇకుయో గిన్నెలు కడుగుతోంది. వెనక్కి తిరగలేదు. "వాళ్లకి వీలైన రోజు రమ్మనండి," అంది.

పొద్దున ఎనిమిదింటికి వచ్చింది లారీ. తల్లిని ముందే వెనక పాకలో కట్టేశారు. పిల్ల మొదటిసారి ఒంటరిగా కాంక్రీటు నేల మీద నిలబడి, చెవులు నిక్కపొడుచుకుని తల్లి అరుపు వచ్చే వైపు చూస్తోంది. ఇకుయో దాని పగ్గం పట్టుకుని లారీకి ఆనించిన పలక దాకా నడిపించింది. అది ఎడమ కాలు ఎత్తి పలక మీద బయటికి తిప్పి పెట్టింది. ఆమె వంగి, అలవాటుగా ఆ గిట్టను రెండు చేతుల్లో పట్టుకుని తిన్నగా పెట్టింది. చేతులు తీయగానే అది మళ్లీ బయటికి తిరిగింది. డ్రైవరు వెనక నుంచి తొడ మీద చేయి వేసి నెట్టాడు. పిల్ల ఎక్కేసింది. లోపల అప్పటికే నాలుగు ఉన్నాయి.

డ్రైవరు తలుపు గడియ వేసి, టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. మంచి మనిషి. ఇకుయో ఇచ్చిన బార్లీ టీ నిలబడే తాగాడు.

"మీరు కూడా రోజు చూసే పెట్టుకున్నారు కదా," అన్నాడు గ్లాసు తిరిగిస్తూ. "తైఆన్ వస్తే మాకు ఊపిరాడదు. అందరూ ఇవాళే పంపిస్తారు. మీది ఐదో ఇల్లు, ఇంకా మూడున్నాయి."

ఇకుయో తల ఊపి, వంగి నమస్కారం చేసింది. లారీ మలుపు తిరిగేదాకా వంగే ఉంది.

హమనాసు అరుపు మధ్యాహ్నం దాకా ఆగలేదు. రేపు మినెగిషి సెన్సే ఇంకో పిల్లకు టీకా వేయడానికి వస్తుంది. ఏ రోజని అడగలేదు ఇకుయో, ఆమె చెప్పిన రోజుకే ఊఁ అంది. బక్కెట్టు, కొబ్బరిపీచు చీపురు తెచ్చి కాంక్రీటు కడగడం మొదలుపెట్టింది. చూరు కింద కావడంతో వానలు తగలక, సుద్దగీతలు రెండూ అలాగే ఉన్నాయి. తను జరిపి గీసిన గీత మీద నీళ్లు పోసి, అది పోయేదాకా రుద్దింది. మొదటి గీత పక్కకు వచ్చినప్పుడు చీపురును ఎత్తి, దాన్ని తగలకుండా అవతలికి దాటించింది.